పంట కాపలా తుపాకీ.. బండెక్కే ముందే ఖాళీ చేయాలి
గతుకుల బాటలో గుండు కూర్చిన ఆయుధంతో ముప్పు
మందు కూరే రకంతో మరింత జాగ్రత్త అవసరం

వేరుసెనగ, మొక్కజొన్న పైర్లు చేతికొచ్చే వేళకు అడవి పందుల బెడద మొదలవుతుంది. అటవీ సరిహద్దు గ్రామాల్లో లైసెన్సు తుపాకీ కలిగిన రైతులు రాత్రి కాపలాకు దాన్ని వెంట తీసుకెళ్తుంటారు. ఒకప్పుడు కాలినడకన వెళ్లేవారు ఇప్పుడు ద్విచక్ర వాహనాలు, ట్రాక్టర్లపై పొలానికి చేరుతున్నారు. ఈ ప్రయాణంలో పాటించాల్సిన మొదటి నియమం ఒక్కటే. వాహనంపై ఉన్నంతసేపు తుపాకీలో తూటా గానీ, మందు గానీ ఉండరాదు.

సేఫ్టీ మీట చాలదు

ట్రిగ్గర్ నొక్కనిదే తుపాకీ పేలదన్న నమ్మకం పూర్తిగా నిజం కాదు. వెనక్కి లాగిన సుత్తిని లోపల చిన్న ఉక్కు పలుకు పట్టి ఉంచుతుంది. దాని అంచు అరిగినా, బండి గుంతలో పడి గట్టి కుదుపు తగిలినా ఆ పట్టు జారవచ్చు. చాలా డబుల్ బ్యారెల్ తుపాకుల్లో సేఫ్టీ మీట ట్రిగ్గర్‌ను మాత్రమే ఆపుతుంది. సుత్తిని ఆపదు. అందుకే మీట వేశామన్న ధీమా పనికిరాదు.

అమెరికాలో వేటకు వెళ్లేవారు ఏటీవీలుగా పిలిచే నాలుగు చక్రాల చిన్న బండ్లను వాడతారు. వాటిపై గుండు కూర్చిన తుపాకీ తీసుకెళ్లడాన్ని అక్కడి పలు రాష్ట్రాలు నిషేధించాయి. అక్కడి అడవి బాటకైనా, ఇక్కడి పొలం గట్టుకైనా వర్తించే సూత్రం ఇదే.

మందు కూరే తుపాకీ అయితే..

గొట్టం మూతి నుంచి మందు, గుండ్లు కూరే తుపాకీని నిమిషంలో ఖాళీ చేయడం సాధ్యం కాదు. నిప్పు పుట్టించే క్యాప్‌ను తీసేస్తే పేలే అవకాశం తగ్గుతుందే తప్ప మందు లోపలే ఉంటుంది. కుదుపులకు గుండు ముందుకు జరిగి, మందుకు, గుండుకు మధ్య ఖాళీ ఏర్పడే ప్రమాదమూ ఉంది. ఆ స్థితిలో పేలిస్తే గొట్టమే పగిలి, పట్టుకున్నవారి చేతులు, కళ్లు దెబ్బతినవచ్చు. కాబట్టి ఇంటి వద్ద మందు కూరకుండా, పొలం చేరి వాహనం దిగిన తర్వాతే ఆ పని చేయాలి. మందును, క్యాప్‌లను వేర్వేరు డబ్బాల్లో, సైలెన్సర్ వేడికి, బీడీ నిప్పుకు దూరంగా ఉంచాలి.

బండిపై ఇలా..

* డబుల్ బ్యారెల్ తుపాకీని మడిచి తెరిచి, రెండు గొట్టాలూ ఖాళీగా ఉన్నాయని కంటితో చూడాలి. చీకట్లో వేలితో తడిమి నిర్ధారించుకోవాలి.
* వీలైతే గొట్టాలను, కట్టె భాగాన్ని విడదీసి గట్టి సంచిలో పెట్టాలి. తూటాలను వేరుగా ఉంచాలి.
* హ్యాండిల్‌పై అడ్డంగా పెట్టడం, ఒడిలో పెట్టుకోవడం తగదు. ఖాళీ తుపాకీ అయినా దాని మూతి వెనుక కూర్చున్నవారి వైపు ఉండరాదు.
* ట్రాక్టర్ మడ్‌గార్డుకు ఆనించి ఉంచరాదు. ట్రాలీలో బస్తాల కింద దాచరాదు.
* దిగేటప్పుడు తుపాకీని మూతి పట్టుకుని తనవైపు లాగరాదు. గొట్టం గుండెకు ఎదురుగా ఉండే ఆ క్షణమే అత్యంత ప్రమాదకరం.

పొలం చేరాక, గుండు కూర్చే ముందు గొట్టంలో మట్టి, గడ్డి చేరలేదని చూసుకోవాలి. అడ్డు ఉండగా పేలిస్తే గొట్టం చీలిపోవచ్చు. మందు కూరే తుపాకీ అయితే లోపలికి కడ్డీ దించి కొలవాలి. కడ్డీ అడుగు వరకు దిగకపోతే లోపల పాత మందో, అడ్డో ఉన్నట్లే భావించాలి. తిరుగు ప్రయాణానికి ముందు మళ్లీ ఖాళీ చేయాల్సిందే.

లైసెన్సు వేటకు అనుమతి కాదు

1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం దారిలో పోలీసులు అడిగితే లైసెన్సు చూపాలి. లైసెన్సు లేని కూలీ లేదా బంధువు తుపాకీని మోయాలంటే యజమాని పక్కన ఉండాలి లేదా ఆయన రాతపూర్వక అధికారం ఇవ్వాలి. అదీ ఆయన వాడకానికి, మరమ్మతుకు, లైసెన్సు పునరుద్ధరణకు మాత్రమే. లైసెన్సు షరతులు ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు, రూ.2,000 వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు.

ఆయుధ లైసెన్సు ఉన్నంత మాత్రాన అడవి పందిని కాల్చే హక్కు రాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని సెక్షన్ 11 కింద అనుమతి తప్పనిసరి. కవ్వాల్, నాగార్జునసాగర్-శ్రీశైలం వంటి అభయారణ్యాల పరిసర రైతులు మరో విషయం గమనించాలి. పొలం దారి అభయారణ్యం గుండా సాగితే, ముందస్తు రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అందులో ప్రవేశించడాన్ని ఇదే చట్టం నిషేధిస్తోంది. తుపాకీ ఖాళీగా ఉన్నా ఈ నిబంధన వర్తిస్తుంది.