శివారు ఇంటికి చేరే దృశ్యం

గోదావరి డెల్టా రైతుకు నీటి విలువ ఎంత తెలుసో, నీటి పంపకం విలువ కూడా అంతే తెలుసు. సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో ప్రారంభమై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నదికి అడ్డుకట్ట వేసింది. ఆ నీటిని పొలాలకు చేర్చినవి మాత్రం కాలువలే. రావులపాలెం చేరువలోని లొల్ల లాకుల వద్ద కాలువ చీలి, కోనసీమలోని పంట కాలువలకూ, వాటి నుండి బోదెలకూ నీరు చేరుతుంది. ఎగువనున్న పొలం ఎలాగైనా తడుస్తుంది. శివారు పొలానికి నీరు అందినదా లేదా అన్నదే పంపకానికి అసలైన పరీక్ష.

ఇంటర్నెట్ ద్వారా సాగే దృశ్య ప్రసారానికీ ఈ పరీక్షే వర్తిస్తుంది. రావులపాలెంలోని ఒక కళాశాల తన వార్షికోత్సవాన్ని ప్రత్యక్షంగా ప్రసారం చేయదలచినదని ఊహించవచ్చు. హైదరాబాదులోను, కువైట్‌లోను, అమెరికాలోను ఉన్న పూర్వ విద్యార్థులు వేయిమంది దానిని చూడగోరుతున్నారు. ఒక్కొక్కరికి సెకనుకు 10 లక్షల బిట్ల సమాచారం అవసరమైతే, అందరికీ విడివిడిగా పంపడానికి కళాశాల నుండి సెకనుకు 100 కోట్ల బిట్లు బయలుదేరాలి. సామాన్యమైన కనెక్షన్ ఈ భారాన్ని మోయలేదు. అప్పుడు దృశ్యం ఆగి ఆగి నడుస్తుంది. బొమ్మ చెదిరిపోతుంది.

ఈ సమస్యకు మొదట కనుగొన్న పరిష్కారం మల్టీకాస్ట్, అనగా బహుముఖ ప్రసారం. మూలం నుండి ఒకే ప్రతి బయలుదేరుతుంది. దారి చీలిన చోట రూటర్ అనే యంత్రం దానికి నకళ్లు తీస్తుంది. స్టీఫెన్ డీరింగ్ రూపొందించిన ఈ విధానం 1989లో ఇంటర్నెట్ ప్రమాణంగా వెలువడింది. ఒకే సంస్థ యాజమాన్యంలో ఉన్న నెట్‌వర్క్‌లో ఇది చక్కగా పనిచేస్తుంది. 2016 డిసెంబరులో కోనసీమలోని మోరి గ్రామంలో ఏపీ ఫైబర్‌నెట్ ఇంటర్నెట్, టెలివిజన్, టెలిఫోన్ సేవలను ఒకే తీగపై అందించింది. ఇటువంటి సేవలలో టెలివిజన్ ఛానళ్లను ఇంటింటికీ చేర్చడానికి సాధారణంగా మల్టీకాస్ట్ పద్ధతినే వాడతారు. అయితే వేర్వేరు సంస్థల నెట్‌వర్క్‌లను దాటి ప్రపంచమంతటా దీనిని నడపాలంటే దారిలోని రూటర్లన్నీ సహకరించాలి. ఆ సహకారం విస్తృతంగా సమకూరలేదు.

అందువలన నకలు తీసే పనిని చూసేవారి కంప్యూటర్లకే అప్పగించాలన్న ఆలోచన పుట్టింది. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2000లో ఈ విధానాన్ని వివరించారు. ఇందులో ప్రతి ప్రేక్షకుని యంత్రమూ తాను పొందిన దృశ్యాన్ని తోటి యంత్రాలకు అందిస్తుంది. కళాశాల ఇద్దరికి, ఆ ఇద్దరూ నలుగురికి, ఆ నలుగురూ ఎనిమిదిమందికి పంపితే తొమ్మిది అంచెలలో 1022 మందికి ప్రసారం చేరుతుంది. కళాశాలపై పడే భారం మాత్రం ఇద్దరికి పంపేటంతే.

అయితే ఇందులో రెండు లోపాలున్నాయి. కాలువకు గండి పడితే దిగువ ఆయకట్టు ఎండినట్లు, మధ్యలోని ఒక యంత్రాన్ని ఆపివేస్తే దాని దిగువనున్న వారందరికీ దృశ్యం ఆగిపోతుంది. ఇక చివరి అంచెలోని 512 మంది పుచ్చుకోవడమే గాని, ఎవరికీ ఇవ్వరు. వారి పంపే శక్తి వ్యర్థమవుతుంది.

ఈ లోపాలను సరిదిద్దే మార్గాన్ని 2003లో స్ప్లిట్‌స్ట్రీమ్ అనే పరిశోధన చూపింది. దృశ్యాన్ని కొన్ని పాయలుగా చీల్చి, ఒక్కొక్క పాయను ఒక్కొక్క చెట్టు ద్వారా పంపుతారు. ఒక చెట్టులో కొమ్మగా ఉన్న యంత్రం తక్కిన చెట్లలో ఆకుగా ఉంటుంది. నాలుగు పాయలున్నప్పుడు ఒక యంత్రం తప్పుకొంటే, దాని దిగువవారికి నాలుగవ వంతు మాత్రమే కొరత పడుతుంది. ప్రతి పాయతోనూ బొమ్మ ఎంతో కొంత ఏర్పడే విధంగా దృశ్యాన్ని సంకేతబద్ధం చేస్తే, కొరత వచ్చినపుడు స్పష్టత తగ్గుతుందే గాని ప్రసారం ఆగదు.

2004లో ప్రయోగానికి వచ్చిన కూల్‌స్ట్రీమింగ్ స్థిరమైన చెట్టునే విడిచిపెట్టింది. అందులో దృశ్యాన్ని సెకను పాటి ముక్కలుగా విభజిస్తారు. తమ వద్ద ఏ ముక్కలున్నవో యంత్రాలు పరస్పరం తెలుపుకొంటాయి. తక్కువమంది వద్ద ఉన్న ముక్కను ముందుగా అడిగి తెచ్చుకొంటాయి. ప్రత్యక్ష ప్రసారంలో గడువు దాటి వచ్చిన ముక్క కోత అయిన తరువాత వచ్చిన నీటి వంటిది. అందుకే కొన్ని సెకన్ల దృశ్యాన్ని ముందుగా నిల్వ చేసుకొంటారు. ఆ నిల్వ పెరిగిన కొద్దీ ప్రసారం నిలకడగా సాగుతుంది గాని ఆలస్యమూ పెరుగుతుంది. క్రికెట్ చూసేవాడు తన తెరపై బంతి పడకముందే పొరుగింటి కేకలు వినవలసి వస్తుంది.

తోటి యంత్రాన్ని ఎన్నుకోవడంలోనూ వివేకం అవసరం. రావులపాలెంలోని రెండు ఇళ్లు పక్కపక్కనే ఉన్నా, వేర్వేరు సంస్థల కనెక్షన్లు కలిగి ఉంటే వాటి మధ్య సమాచారం దూర నగరాల మీదుగా తిరిగి రావచ్చు. కనుక మైళ్లను లెక్కించక, సమాచారం చేరడానికి పట్టే కాలాన్ని కొలిచి ఎన్నుకోవాలి. తాను ఇవ్వక ఇతరుల నుండి పుచ్చుకొనేవారి సమస్య మరొకటి. ఇచ్చినవారికి మెరుగైన సరఫరా, ఇవ్వనివారికి తక్కువ స్పష్టత అన్న నియమం దానికి కొంత విరుగుడు. కాని మొబైల్ డేటాను కొలిచి కొనుక్కొనేవారికి ఇవ్వడమూ ఖర్చే. వారి అనుమతి లేకుండా వారి కనెక్షన్‌ను వాడటం న్యాయం కాదు.

2023 ప్రపంచ కప్ క్రికెట్ అంతిమ పోటీని డిస్నీ ప్లస్ హాట్‌స్టార్‌లో ఒక దశలో 5.9 కోట్లమంది ఏకకాలంలో వీక్షించారు. అటువంటి ప్రసారాలకు పెద్ద సంస్థలు అనేక నగరాలలో సర్వర్లను నెలకొల్పిన పంపిణీ వ్యవస్థలను ఆశ్రయిస్తాయి. ఆ వ్యయం భరించలేని చిన్న ఊరి కళాశాలకు, నాటక సమాజానికి తోటివారి సహకారమే ఆధారం. కొద్దిపాటి సర్వర్ శక్తిని అండగా ఉంచి, మిగిలిన భారాన్ని ప్రేక్షకులు పంచుకొనే మిశ్రమ పద్ధతి వారికి అనువైనది.

నీటిని పంచితే ప్రతివారి వాటా తగ్గుతుంది. దృశ్యాన్ని పంచినపుడు మూలం తరగదు. తరిగేది పంచేవారి శక్తి మాత్రమే. ఆ శక్తిని అందరి నుండి సమంగా స్వీకరించి, ఒకరు తప్పుకొన్నా మరొకరు ఆదుకొనేటట్లు అమర్చినపుడే శివారు ఇంటి తెరపై కూడా బొమ్మ నిలుస్తుంది.