ఆగిన ఉరి.. రద్దయిన శిక్ష కాదు!

గుంటూరు: ఉరిశిక్ష అమలు నిలిచిందన్న వార్త రాగానే దోషికి క్షమాభిక్ష లభించిందని కొందరు, శిక్షే రద్దయిందని మరికొందరు భావించడం పరిపాటి. వాస్తవానికి ఈ రెండూ కావు. తీర్పు యథాతథంగా ఉంటుంది. దాని అమలు మాత్రమే కొంతకాలం ఆగుతుంది. ఆ కొద్దికాలానికి ఎంత విలువ ఉందో చిలకలూరిపేట బస్సు దహనం కేసు తెలియజేస్తుంది.

రాజ్యాంగం ఏం చెబుతోంది?

రాజ్యాంగంలోని 72వ అధికరణం రాష్ట్రపతికి, 161వ అధికరణం గవర్నరుకు క్షమాధికారాన్ని ప్రసాదించాయి. మంత్రిమండలి సలహా మేరకే వారు దీనిని వినియోగించాలి. శిక్షను పూర్తిగా మాఫీ చేయడం క్షమాభిక్ష. ఉరిని యావజ్జీవంగా మార్చడం శిక్ష మార్పిడి. జైలు కాలాన్ని కుదించడం తగ్గింపు. ఇవేవీ తేలకముందే అమలును తాత్కాలికంగా ఆపడం నిలుపుదల. దోషి విన్నపాన్ని పరిశీలించేందుకు వ్యవధి కల్పించడమే దీని ఉద్దేశం. న్యాయస్థానాలు విచారణ నిమిత్తం ఇచ్చే స్టే వేరు. అది దయ కాదు, న్యాయప్రక్రియలో భాగం. అయితే రెండింటి ఫలితమూ ఒక్కటే: ఉరికంబం ఎక్కాల్సిన మనిషికి మరికొంత గడువు.

ఒకే విరామం.. రెండు ముగింపులు

1993 మార్చి 8న చిలకలూరిపేట సమీపంలో దోపిడీకి యత్నించిన ఇద్దరు యువకులు ఆర్టీసీ బస్సుకు నిప్పు పెట్టడంతో 23 మంది ప్రయాణికులు మరణించారు. దోషులకు విధించిన ఉరిని 1996లో సుప్రీంకోర్టు ఖరారు చేసింది. నాటి రాష్ట్రపతి శంకర్‌దయాళ్ శర్మ క్షమాభిక్షను తిరస్కరించారు. 1997 మార్చిలో ఉరికి తేదీ సైతం నిర్ణయమైంది. చివరి క్షణాల్లో సుప్రీంకోర్టు అమలును నిలిపివేసింది. పౌరహక్కుల సంఘాలు, రచయిత్రి మహాశ్వేతాదేవి వంటి వారు ప్రాణభిక్ష కోరారు. ఆ తర్వాత రాష్ట్రపతి కె.ఆర్.నారాయణన్ 1998లో శిక్షను యావజ్జీవంగా మార్చారు. అమలు ఆగకపోయి ఉంటే ఆ మార్పునకు అవకాశమే ఉండేది కాదు.

ఢిల్లీ నిర్భయ కేసులో ఇందుకు భిన్నంగా జరిగింది. 2020 జనవరి 22, ఫిబ్రవరి 1, మార్చి 3 తేదీలు వరుసగా వాయిదా పడ్డాయి. చివరకు మార్చి 20న నలుగురు దోషులనూ ఉరి తీశారు. నిలుపుదల ఎవరినీ నిర్దోషిగా చేయదనేందుకు ఇది నిదర్శనం.

ఆలస్యానికీ హద్దుంది

క్షమాభిక్ష విన్నపాన్ని ఏళ్ల తరబడి పెండింగులో ఉంచడం దయ అనిపించుకోదు. 2014 జనవరి 21న శత్రుఘ్న చౌహాన్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని స్పష్టం చేసింది. అకారణ జాప్యం ఉరిని యావజ్జీవంగా మార్చడానికి కారణమవుతుందని పేర్కొంటూ 15 మంది శిక్షను మార్చింది. విన్నపం తిరస్కరణకు గురైన సమాచారం దోషికి అందాక, ఉరికి కనీసం 14 రోజుల వ్యవధి ఉండాలని, కుటుంబ సభ్యులకూ ముందుగా తెలియజేయాలని ఆదేశించింది.

గర్భిణుల విషయంలో చట్టం మరింత ముందుకు వెళ్లింది. పూర్వం హైకోర్టు ఉరిని వాయిదా వేసేది, లేదా యావజ్జీవంగా మార్చేది. ప్రస్తుత భారతీయ నాగరిక సురక్షా సంహిత 456వ సెక్షన్ ప్రకారం వాయిదా ప్రసక్తి లేదు. తప్పనిసరిగా యావజ్జీవంగా మార్చాల్సిందే.

గడువు మరవొద్దు

2024 జూలై 1న అమల్లోకి వచ్చిన ఈ సంహితలోని 472వ సెక్షన్ క్షమాభిక్ష విన్నపానికి కాలపరిమితి విధించింది. అప్పీలు తిరస్కరణను జైలు సూపరింటెండెంట్ తెలియజేసిన 30 రోజుల్లోగా దరఖాస్తు చేయాలి. తొలుత గవర్నరును ఆశ్రయిస్తే, అక్కడ తిరస్కరించిన 60 రోజుల్లోగా రాష్ట్రపతికి విన్నవించుకోవాలి. వకీలును పెట్టుకునే స్తోమత లేని ఖైదీలు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచిత న్యాయసహాయం పొందవచ్చు. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఈ హక్కు ఉంది.

ఆత్మీయులను కోల్పోయిన కుటుంబాలకు ప్రతి వాయిదా గాయాన్ని రేపేదే. వారి వేదనను తక్కువ చేయలేం. అయితే ఆగిన ఉరిని తిరిగి అమలు చేయవచ్చు. అమలైన ఉరిని వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు. చట్టం ఈ విరామానికి చోటిచ్చింది అందుకే.