పటంలో బొమ్మకు ముడతలెందుకు?

గోడమీది పటంలో బొమ్మ అలలు అలలుగా ఉబ్బి ఉండటం ఎప్పుడైనా చూశారా? కట్టించిన రోజున నున్నగానే ఉంది కదా, మరి ఇప్పుడేమైంది?

కాగితం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వానాకాలంలో చెక్క తలుపు ఉబ్బి బిగుసుకుపోతుందే, అలాగే కాగితమూ కాస్త పెరుగుతుంది. నాలుగు అంచులూ జిగురుతో అట్టకు అంటించేశారనుకోండి, పెరగడానికి చోటెక్కడ? పక్కకు సాగలేక పైకి లేస్తుంది. తప్పు బొమ్మది కాదు, అంటించిన చేతిది!

పటాలు కట్టేవాళ్లు దీన్ని సరిచేసేటప్పుడు ముందు అది ఏ జిగురో చూస్తారు. పిండి జిగురైతే కొద్దిగా తడి తగిలితే మెత్తబడుతుంది. వేడితో అంటించే పొరల్లో కొన్ని మళ్లీ వేడి చేస్తే పట్టు వదులుతాయి. ఊడదీసిన బొమ్మను బరువు కింద పెట్టి చదును చేస్తారు. ఈసారి పై అంచుకు మాత్రమే రెండు పలుచని కాగితపు ముక్కలు అంటించి వేలాడదీస్తారు. అంతే, మిగతా మూడు వైపులా కాగితానికి స్వేచ్ఛ. అద్దానికి తగలకుండా చుట్టూ ఒక అట్ట అంచు కూడా పెడతారు.

ఎందుకంటే, తేమకు ఫొటో పైపొర మెత్తబడి అద్దానికి అతుక్కుపోతుంది. మీ ఇంట్లో తాతయ్య ఫొటో అలా అతుక్కుని ఉంటే లాగకండి. అద్దంతో సహా స్కాన్ చేయించమని నాన్నకు చెప్పండి.