15 పేర్ల చీటీ

1796 అమెరికా అధ్యక్ష ఎన్నికలో పెన్సిల్వేనియా ఓటరు పోలింగుకు బయలుదేరే ముందు 15 పేర్లు రాసుకోవాలి. జాన్ ఆడమ్స్, థామస్ జెఫర్సన్ల పేర్లు కావు. వాళ్ళలో ఒకరిని అధ్యక్షుడిగా ఎన్నుకోబోయే ఎలక్టర్ల పేర్లు. అచ్చు చీటీలు చెల్లవు, చేతిరాతే ఉండాలి. 15 మందినీ రాష్ట్రమంతా కలిపి ఎన్నుకోవాలని చట్టం చేసింది ఆడమ్స్‌ను బలపరిచే ఫెడరలిస్టులే. మొత్తం 15 తమకే దక్కుతాయని వాళ్ళ లెక్క.

ఆ లెక్కను తారుమారు చేసింది జెఫర్సన్ పక్షం మనిషి జాన్ బెక్లీ. మారిషస్, ఫిజీలకు వెళ్ళిన మన ఒప్పంద కూలీల కథ తెలిసినవాళ్ళకు ఇతని జీవితం ఇట్టే అర్థమవుతుంది. 11 ఏళ్ళ వయసులో ఇంగ్లండు నుంచి వర్జీనియాకు అలాంటి ఒప్పందం మీదే వచ్చాడు. 1796 నాటికి దేశ రాజధాని ఫిలడెల్ఫియాలో ప్రతినిధుల సభకు క్లర్కు. జెఫర్సన్ పక్షం వాళ్ళు రాష్ట్ర ప్రధాన న్యాయమూర్తి థామస్ మెకీన్ లాంటి పేరున్నవాళ్ళను తమ జాబితాలోకి తెచ్చారు. ఆ 15 పేర్లూ చేత్తో రాసిన చీటీలు 30,000 సిద్ధం చేయించి, మనుషుల చేత కౌంటీ కౌంటీకీ పంపించాడు బెక్లీ. రాయడం సరిగా రాని పల్లెటూరి రైతు కూడా తన ఓటు తాను వేసుకోగలిగాడంటే అది ఈ శ్రమ వల్లే. ఆ ఎన్నికలో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది ఇదే.

నవంబరు 4న పోలింగు. రెండు జాబితాలకూ దాదాపు 12,000 చొప్పున ఓట్లు వచ్చాయి. చివరికి జెఫర్సన్ పక్షం నుంచి 13 మంది, ఫెడరలిస్టుల నుంచి ఇద్దరు ఎలక్టర్లయ్యారు. ఆ ఇద్దరిలో ఒకడైన శామ్యూల్ మైల్స్ తీరా సమయానికి జెఫర్సన్‌కే ఓటేశాడు. మా తరఫున ఓటెయ్యమని పంపితే సొంతంగా ఆలోచించడానికి నువ్వెవరని ఒక ఫెడరలిస్టు ఓటరు పత్రికకెక్కి నిలదీశాడు. ఎలక్టరు సొంత బుద్ధితో ఓటెయ్యవచ్చా అన్న తగవు అక్కడ మొదలై రెండు శతాబ్దాలు నడిచింది. ఎలక్టర్లు మాట తప్పకుండా రాష్ట్రాలు కట్టడి చేయవచ్చని అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది 2020లోనే. ఆ ఓటరు కోపం న్యాయమైనదే అంటాను.

పెన్సిల్వేనియా 14 ఓట్లిచ్చినా దేశం మొత్తం మీద జెఫర్సన్ 68–71తో ఓడి, అప్పటి నిబంధన ప్రకారం ఉపాధ్యక్షుడయ్యాడు. 1800లో మళ్ళీ ఆ ఇద్దరే తలపడ్డారు. ఈసారి పెన్సిల్వేనియాలో ఎన్నిక ఎలా జరపాలన్నదాని మీద శాసనసభ రెండు సభలకూ రాజీ కుదరలేదు. ఆఖరికి 8 మంది జెఫర్సన్ వైపు, 7 మంది ఆడమ్స్ వైపు అని ఎలక్టర్లను తామే పంచుకున్నారు. ప్రజలకు చీటీ రాసే అవకాశమే లేకుండా పోయింది.