కక్కించి తినే స్కువా

టెర్న్ అనే సముద్రపక్షి నోటికి చేప చిక్కింది. గూటివైపు మళ్ళేలోగా, నీళ్ళకు జానెడెత్తున ముదురు గోధుమరంగు పక్షి ఒకటి వెనకనుంచి దూసుకొస్తుంది. టెర్న్ పైకి లేస్తే అదీ లేస్తుంది, పక్కకు ఒరిగితే అదీ ఒరుగుతుంది. ఇక తప్పించుకోలేననుకున్న టెర్న్ నోట్లో ఉన్న చేపను వదిలేస్తుంది. మింగేసి ఉంటే కక్కేస్తుంది. పడేది నీళ్ళను తాకకముందే గాల్లోనే అందుకుని స్కువా తన దారిన పోతుంది.

వెనకటివాళ్ళు ఆ పడేదాన్ని రెట్ట అనుకున్నారు. అందుకే శాస్త్రజ్ఞులు ఈ ప్రజాతికి స్టెర్కొరేరియస్ అని, లాటిన్‌లో పేడకు సంబంధించిన పేరు పెట్టారు. పొరపాటు ఎప్పుడో తేలిపోయినా పేరు మాత్రం మిగిలింది. ఈ ప్రజాతిలో ఒకదానికి ప్రకృతి శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1758లో పరాన్నజీవి అనే అర్థమొచ్చేలా పారసిటికస్ అని పేరు పెట్టాడు. అమెరికన్లు మాత్రం ఈ ప్రజాతిలోని చిన్న స్కువాలను యేగర్ అంటారు. జర్మన్‌లో ఆ మాటకు వేటగాడని అర్థం. నాకు నచ్చిన పేరు ఇదే. ఎందుకో తెలియాలంటే ఈ పక్షిని సముద్రం మీద కాదు, దాని పుట్టింట్లో చూడాలి.

అలాస్కా ఉత్తరపు కొసన, ఒకప్పుడు బారో అని పిలిచిన ఉట్కియాగ్విక్ దగ్గర, జూన్‌లో మంచు కరిగి నాచునేల బయటపడుతుంది. ఈ చిన్న స్కువాల్లో ఒక రకమైన పోమరైన్ స్కువాలు అప్పటికే వచ్చి ఉంటాయి. వాటి చూపంతా లెమ్మింగ్‌ల మీదే. లెమ్మింగ్ అంటే పొట్టి తోక, బొద్దు ఒళ్ళు ఉన్న ఎలుక జాతి జంతువు. పోమరైన్ దాన్ని నేలమీద పట్టడమే కాదు, ముక్కుతో బొరియ తవ్వి మరీ బయటికి లాగుతుంది. మూడు నాలుగేళ్ళకోసారి లెమ్మింగ్‌లు విపరీతంగా పెరుగుతాయి. ఆ ఏడాది మైదానమంతా పోమరైన్ గూళ్ళే. గూటికి సాధారణంగా రెండు గుడ్లు. ఎలుకలు లేని ఏడాది గుడ్లు పెట్టకుండానే తిరిగి సముద్రానికి వెళ్ళిపోతాయి. శాస్త్రవేత్త ఫ్రాంక్ పిటెల్కా, ఆయన సహచరులు 1955లో అచ్చు వేసిన పరిశోధన ఈ ముడినే వివరంగా చూపింది. పక్క పక్షిని దోచుకుంటుందని మనం నిందించే జీవికి సంతానం కలగడం, కలగకపోవడం గుప్పెడంత ఎలుక చేతిలో ఉంది.

ఆగస్టు, సెప్టెంబరు వచ్చేసరికి ఉత్తరాన్ని వదిలి వెచ్చని సముద్రాలకు బయల్దేరతాయి. పోమరైన్‌లు చలికాలంలో అరేబియా సముద్రం దాకా వస్తాయి. మన పడమటి తీరానికి ఎడంగా, లోతు నీళ్ళలోకి పడవ వేసుకుని వెళ్ళేవాళ్ళకు అప్పుడప్పుడూ కనిపిస్తాయి. ఏది ఏ స్కువానో గుర్తుపట్టడంలో అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

పోమరైన్, ఆర్కిటిక్, పొడవు తోక స్కువా అని ఈ దగ్గరి చుట్టాలు ముగ్గురు. రంగును నమ్ముకుంటే మోసపోతాం. పోమరైన్, ఆర్కిటిక్ రెండింటిలోనూ పొట్ట తెల్లగా ఉండేవీ ఉన్నాయి, ఒళ్ళంతా నల్లబారినవీ ఉన్నాయి. ఎదిగిన పక్షుల తోక నడిమి ఈకలు చూడగలిగితే పని సులువు. పోమరైన్‌కు అవి మెలితిరిగిన గరిటెల్లా, మొండిగా ఉంటాయి. ఆర్కిటిక్‌కు పొట్టిగా, సూదిగా ఉంటాయి. మూడోదానికి సన్నని రిబ్బన్లలా వేలాడతాయి. అయితే ఈ ఈకలు విరుగుతాయి, రాలుతాయి. చలికాలంలో చూసే మనకు చాలాసార్లు తోక గుర్తు దొరకదు.

అందుకే ఒడ్డూ పొడుగూ, ఎగిరే తీరూ చూడాలి. పోమరైన్ దాదాపు 700 గ్రాముల పక్షి. ఛాతీ పీపాలా ముందుకొచ్చి, రెక్కలు నిదానంగా, బరువుగా ఆడతాయి. ఆర్కిటిక్ సన్నగా, డేగలా చురుగ్గా మలుపు తిరుగుతుంది. పొడవు తోకది దాదాపు 300 గ్రాములే. గాల్లో తేలినట్టు, టెర్న్‌లా ఎగురుతుంది.

అన్నింటికన్నా కష్టం ఆ ఏడాదే గూడు విడిచిన పిల్లలు. ఒళ్ళంతా అడ్డచారలు, తోకలో చెప్పుకోదగ్గ గుర్తేమీ ఉండదు. అప్పుడు రెక్క అడుగుభాగం చూడండి. రెక్క కొస ఈకల మొదట్లో తెల్లమచ్చ మూడింటికీ ఉంటుంది. పోమరైన్ పిల్లకు దాని పక్కనే నెలవంకలాంటి రెండో మచ్చ సాధారణంగా కనిపిస్తుంది. పైనుంచి చూస్తే, రెక్క అంచున తెల్ల ఈనెలు పొడవు తోకకు రెండే ఉంటాయి, మిగతా రెండింటికీ ఎక్కువ. ఏ ఒక్క గుర్తు మీదా తీర్పు చెప్పకండి. కెమెరా ఉంటే ముందు ఆ రెక్క కింది భాగాన్ని ఫొటో తీసుకోండి. పడవ మీదుగా స్కువా దాటిపోవడానికి పట్టేది కొన్ని సెకన్లే.