చదవలేని బస్సు బోర్డు

నగరి దాటి తిరుత్తణిలో బస్సు దిగిన తెలుగు పిల్లలకు మొదట ఎదురయ్యేది చదవలేని తమిళ బోర్డు. పరాయి ఊరన్న బెంగ అక్కడే మొదలవుతుంది. నాలుగడుగులు వేస్తే అంగట్లో తెలుగు వినిపిస్తుంది. 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసేదాకా ఇది చిత్తూరు జిల్లా తాలూకానే.

అసలు చిక్కు తరగతిలో. 2006 నాటి చట్టం బడుల్లో తమిళాన్ని ఒకటో తరగతి నుంచి తప్పనిసరి చేసింది. ఆరులోనో ఏడులోనో వచ్చి చేరినవారికి ఆ పునాది ఉండదు. క, ఖ, గ, ఘ నాలుగింటికీ తమిళంలో ఒకటే అక్షరం. ఎక్కడ ఎలా పలకాలో వింటే సులువుగా తెలుస్తుంది. అందుకే తిరువళ్లూరు జిల్లా తెలుగు బడుల్లో కొత్తవారిని రెండు భాషలూ వచ్చిన నేస్తం పక్కన కూర్చోబెట్టాలి. మొదటి పాఠంగా వాళ్లు ఇంటికెళ్లే బస్సు బోర్డు చదివించాలి.