పిల్లలు ఎవరిని చూసి నేర్చుకుంటారు?

బస్సులో కండక్టరును "ఏయ్" అని పిలిచే పిల్లవాణ్ణి చూడగానే "హాస్టల్ పిల్లలు, అంతే" అనేస్తారు. ఆ మాట మాకు గుచ్చుకుంటుంది. అదే బస్సులో చిల్లర కోసం కండక్టరును "ఏరా" అనే తండ్రినీ, పక్కన కూర్చుని వింటున్న అతని కొడుకునూ ఎవరూ పట్టించుకోరు.

1961లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 72 మంది చిన్నపిల్లలతో ఒక ప్రయోగం చేశారు. వారిలో 24 మంది ఎదుట ఒక పెద్ద వ్యక్తి గాలి నింపిన బొమ్మను కొడుతూ, దాని మీద అరిచాడు. తర్వాత ఆ పిల్లలు మిగతావారికంటే ఎక్కువగా బొమ్మను అలాగే కొట్టారు, ఆ మాటలే అన్నారు. కొట్టమని వారికి ఎవరూ చెప్పలేదు!

"పెద్దలకు నమస్కారం పెట్టు" అని ఇంట్లో అందరూ చెబుతారు. (చుట్టాలు వచ్చినప్పుడే అనుకోండి.) కానీ పాలు పోసే అతనితో, కూలికి వచ్చినవారితో అమ్మానాన్నలు మాట్లాడే తీరే పిల్లలకు అబ్బుతుంది.

హాస్టల్లో అమ్మానాన్నలు ఎదురుగా ఉండరు. చిన్న తరగతుల తమ్ముళ్ళు రోజంతా చూసేది పదో తరగతి అన్నలనే. అన్న పళ్ళెం చాచి "పెద్దమ్మా, కొంచెం సాంబారు పొయ్యవా" అంటే, వెనుక నిలబడ్డ తమ్ముడూ "పెద్దమ్మా" అనే అంటాడు. కామాటి తాతను పేరు పెట్టి కేకేస్తే, మర్నాటికి అదీ వాడి నోట వస్తుంది.